పదో తరగతి వీడ్కోలు సంచికలో ఎవరి గురించి రాయాలి?

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఈసారి పదో తరగతిలో 41 మంది ఉన్నారు. వీడ్కోలు సభనాటికి 20 పేజీల చిన్న సంచిక తెద్దామని మొదలుపెట్టి చిక్కులో పడ్డాను.

ఏటా 12,000 రూపాయల ఎన్‌ఎంఎంఎస్ ఉపకారవేతనం తెచ్చుకున్న ముగ్గురు, సైన్సు ఆలోచనలకిచ్చే ఇన్‌స్పైర్ మానక్ పురస్కారానికి ఎంపికై 10,000 రూపాయలు అందుకున్న అబ్బాయి, మా ఖోఖో జట్టు... వీళ్ల సంగతి తేలికే. మరి సెలవుల్లో తల్లితో మిరపకాయల కోతకు వెళ్లినా బడి మాత్రం ఒక్కరోజూ మానని అమ్మాయి? ఏడాదంతా వేళ తప్పకుండా బడిగంట కొట్టిన కుర్రాడు? పతకం లేదని వదిలేయడానికి మనసొప్పడం లేదు. జాలి పడినట్టు రాస్తే వాళ్లే నొచ్చుకుంటారు.

ఇక జ్ఞాపకాలు రాయమంటే అందరూ ‘మా బడి దేవాలయం’ అనే మొదలుపెడుతున్నారు (ఆ వ్యాసం నేర్పింది నేనే, తప్పు నాదే). నోటితో చెప్పమంటే మాత్రం మధ్యాహ్న భోజనంలో గుడ్డు కోసం పడ్డ తగవులు గలగలా చెబుతారు.

ఇలాంటి సంచిక తెచ్చినవారు దయచేసి చెప్పండి. పిల్లల చేత ఎలా రాయించారు? మార్కులు అచ్చు వేశారా? ఫోటోలతో 100 ప్రతులకు ఎంత ఖర్చయింది? మార్చి పరీక్షలలోపే పని ముగించాలి.