168 మంది కలిసి ఇన్కా సామ్రాజ్యాన్ని నిజంగా కూల్చేశారా?

గోదారిగట్టు:
ఈ మధ్య ఒక వీడియో చూశాను. 1532 నవంబర్ 16న పెరూలోని కహమార్కా అనే ఊళ్లో స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో పిజారో 168 మందిని వెంటబెట్టుకుని, బయట వేలమంది సైన్యం దిగి ఉన్న ఇన్కా చక్రవర్తి అతవాల్పాను ఒక్క సాయంత్రంలో పట్టేసుకున్నాడట. తుపాకులు, గుర్రాలు, ఉక్కు కత్తులు ఉన్నాయి కాబట్టి పనైపోయింది, అంతే అని తేల్చేశాడు ఆ వీడియో చేసినాయన. నాకు మింగుడు పడట్లేదు. ఆ కాలం తుపాకీ ఒకసారి పేలిస్తే మళ్లీ మందు దట్టించేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. సరే, రాజును పట్టుకున్నారు అనుకుందాం, మర్నాడు వీళ్లకు తిండి ఎవరు పెట్టారు? గుర్రాలకు గడ్డి ఎవరు వేశారు? అన్ని లక్షలమంది ఉన్న దేశంలో 168 మంది ఎలా తిష్ఠ వేస్తారండీ? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరాతలు:
మీరడిగిన గడ్డి ప్రశ్న ఉంది చూశారూ, అసలు అడగాల్సింది అదే.

ముందు కహమార్కా సంగతి. అక్కడ జరిగింది యుద్ధం కాదు. అతవాల్పా తన సైన్యాన్ని ఊరి బయటే ఉంచి, కొన్ని వేలమంది పరివారంతో, దాదాపు ఆయుధాల్లేకుండా మైదానంలోకి వచ్చాడు. ఆ మైదానానికి చుట్టూ గోడలు, పొడవాటి సావిళ్లు, బయటికి పోవడానికి ఇరుకు దారులు. స్పెయిన్ వాళ్లు ఆ సావిళ్లలోనే గుర్రాలతో సహా దాక్కున్నారు. వల్వెర్డే అనే సన్యాసి వచ్చి మతపుస్తకం ఇవ్వడం, రాజు దాన్ని కింద పడేయడం, అదే సాకుగా ఫిరంగి పేల్చి అందరి మీదా పడడం. స్పెయిన్ వాళ్లలో ఒక్కడూ చావలేదు. తర్వాత తనను వదిలేస్తే ఒక గదికి సరిపడా బంగారం ఇస్తానని రాజే బేరం పెట్టాడు. సుమారు 6 టన్నుల బంగారం, దానికి రెట్టింపు వెండి వచ్చింది. అదంతా కరిగించి దిమ్మలు పోసింది కూడా అక్కడి కంసాలులే. ఇంత పుచ్చుకుని 1533 జులైలో ఆయన్ని గొంతు బిగించి చంపేశారు.

ఇక తిండి. హువాంకా అనే జాతివాళ్లు హౌహా లోయలో ఉండేవారు. ఇన్కాల ధాన్యపు కొట్లు అక్కడ వరసలు వరసలుగా ఉండేవి. వాళ్ల పెద్దలు పిజారో పక్షాన చేరి ఆ కొట్లు తెరిచారు. ఎవరో ఊహించి రాసింది కాదిది. 1561లో ఆ పెద్దలే స్పెయిన్ వాళ్ల కొత్త రాజధాని లిమాలో కోర్టుకెక్కి, ఇచ్చినదానికి ప్రతిఫలం కావాలని తమ లెక్కలు అప్పజెప్పారు. వాళ్ల లెక్కలు కాగితం మీద ఉండవు, కిపూ అనే తాళ్ల ముడుల్లో ఉంటాయి. ముడులు తడుముతూ చదువుతుంటే గుమాస్తా రాసుకున్నాడు: లామాలు (బరువు మోసే ఒంటెజాతి జంతువులు), మొక్కజొన్నలు, బంగాళాదుంపలు, దుప్పట్లు, చెప్పులు, కుండలు, కట్టెలు, చేపలు, చివరికి కౌజు పిట్టలు కూడా. మీరడిగిన గడ్డి కూడా ఆ జాబితాలో ఉంది! నాకు బాగా నచ్చిందేంటంటే, తాము ఇచ్చింది వేరుగా, స్పెయిన్ వాళ్లు దోచుకుపోయింది వేరుగా లెక్క కట్టారు.

వేపచెట్టు:
అంటే పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అయిందన్నమాట. స్పెయిన్ వాళ్లు దిగకముందే పెద్ద చక్రవర్తి హువాయ్నా కపాక్ ఏదో రోగంతో పోయాడు, అది యూరప్ వాళ్లతో వచ్చిన మశూచే అయ్యుంటుందని చాలామంది చరిత్రకారుల అనుమానం. కొడుకులు హువాస్కర్, అతవాల్పా కొట్టుకు చచ్చారు. అతవాల్పా గెలిచి ఊపిరి పీల్చుకునే లోపు పిజారో దిగాడు. మెక్సికోలోనూ ఇదే వరస, అక్కడి ఆజ్టెక్‌ల రాజ్యాన్ని కూల్చడానికి వాళ్ల పగవాళ్లైన త్లాష్కాలా వాళ్లు స్పెయిన్ సేనాని కోర్టెస్‌కు వేలమంది సైనికుల్ని ఇచ్చారు. ఐకమత్యం లేకపోతే ఎవడికైనా ఇదే గతి. తెల్లవాళ్లను మాత్రమే తిట్టి ఏం లాభం?

లోయదారి:
వేపచెట్టు గారూ, సామెత బాగానే అతికింది గానీ, ఎవరికీ ఎవరికీ మధ్య ఐకమత్యం అండీ? హువాంకాలు, కన్యారీలు, చాచపోయాలు అనే జాతులు వేరు, వీళ్లందర్నీ ఇన్కాలు అంతకు రెండు మూడు తరాల ముందే కత్తితో లొంగదీసుకున్నారు. హువాస్కర్ పక్షం వహించారన్న కోపంతో అతవాల్పా కన్యారీలను ఊచకోత కోయించాడు. అలాంటి కన్యారీ మనిషికి ఇన్కా రాజు సొంతవాడెలా అవుతాడు? కొత్తగా వచ్చిన గడ్డంవాళ్లు వంద, రెండొందల మందే కదా, వీళ్లను వాడుకుని పాత దొర పీడ వదిలించుకుందాం అనుకున్నారు. అప్పటికి వాళ్ల కళ్లకు కనబడింది అంతే. దాన్ని ద్రోహం అనడానికి నాకు నోరు రాదు.

పైగా రాజును పట్టుకోవడం ఒక ఎత్తు, ఆ తర్వాత చేసింది ఒక ఎత్తు. 1545లో ఇప్పటి బొలీవియాలోని పొతోసీలో వెండికొండ బయటపడింది. 1573 నుంచి తొలేదో అనే వైస్రాయ్ 16 పరగణాల మీద వంతు పెట్టాడు, ఏటా ప్రతి ఏడుగురు మగవాళ్లలో ఒకరు గనికి రావాలని. ఏడాదికి సుమారు 13,000 మంది. ఇన్కాల కాలంలోనూ వంతుచాకిరీ ఉండేది, కాదనను, కానీ అప్పుడు పనిచేసినన్నాళ్లూ తిండీ బట్టా ప్రభుత్వమే చూసేది. ఇక్కడ పెళ్లాం పిల్లల్ని, లామాలను తోలుకుని వారాల తరబడి నడిచి, సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున ఆ చలిలో దిగాలి. బొటనవేలికి కొవ్వొత్తి కట్టుకుని, దుప్పట్లో రాయి మూటగట్టి వీపున వేసుకుని, తోలుతో చేసిన నిచ్చెనలు పట్టుకుని చీకట్లో పైకెక్కాలి. పైన ఆ రాయిని పొడి చేసి, వెండి విడదీయడానికి పాదరసంతో కలిపి తొక్కడం. ఆ పాదరసం వచ్చేది హువాంకవెలికా గనుల నుంచి, అక్కడికి మనుషుల్ని లాక్కెళ్లిన చోట్లలో హౌహా లోయ కూడా ఉంది. పాతరాతలు గారు చెప్పిన, కొట్లు తెరిచి తిండి పెట్టిన హువాంకాలదే ఆ లోయ!

వంతు తప్పించుకోవడానికి జనం సొంత ఊరు వదిలి వేరే ఊళ్లకు పారిపోయేవారు, లోటు పడిన మనుషులకు ఆ ఊరిపెద్ద డబ్బు కట్టుకోవాలి. రోగాలూ చాకిరీ కలిసి, ఇప్పటి పెరూ ప్రాంతంలో 90 లక్షల దాకా ఉన్న జనాభా 1620 నాటికి 6 లక్షలకు పడిపోయిందని ఒక అంచనా. మొదటి అంకె మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు గానీ, పతనం ఘోరమైనదన్న దాంట్లో పేచీ లేదు. మశూచిని ఎవరూ ఆపలేరు, ఒప్పుకుంటా. జనం చస్తున్నా వంతు తగ్గించకపోవడం మటుకు రోగం పని కాదు కదా.

(మాటలో మాట, అమెరికా ఖండం వెండి మన తీరానికీ వచ్చింది. మచిలీపట్నంలో డచ్చివాళ్లు బట్టలు కొన్నది ఎక్కువగా వెండి, బంగారం పోసే.)

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. ఇంకొక్క డౌట్. రాజును చంపాక ఎవరూ తిరగబడలేదా?

పాతరాతలు:
తిరగబడకేం! పిజారో తానే గద్దె మీద కూర్చోబెట్టిన మాంకో ఇన్కా 1536లో ఎదురు తిరిగి ఇన్కాల రాజధాని కుస్కోను నెలల తరబడి ముట్టడించాడు. రాళ్లు ఎర్రగా కాల్చి, దూదిలో చుట్టి వడిసెలతో విసిరితే ఊళ్లో కప్పులన్నీ తగలబడ్డాయి. పిజారో తమ్ముడు హువాన్ తలకు రాయి తగిలి చచ్చాడు. లోపల ఉన్న స్పెయిన్ వాళ్లు 200 మంది లోపే, వాళ్లకు అండగా నిలబడింది మళ్లీ కన్యారీలు, చాచపోయాలే. అదే ఏడాది లిమా మీదికీ ఒక సేన వెళ్లింది. పిజారోతో కాపురం చేస్తున్న ఇన్కా రాజకుమార్తె తల్లి కొంతర్‌వాచో, తన ప్రాంతం హువాయ్లాస్ నుంచి సైన్యం పంపి అల్లుడి నగరాన్ని కాపాడింది. వీడియోలో ఈవిడ పేరు వచ్చి ఉండదు లెండి.

మాంకో అడవుల్లోకి వెళ్లి విల్కబంబాలో చిన్న రాజ్యం నిలబెట్టాడు. ఆ వంశంలో చివరి రాజు టూపాక్ అమారూను 1572లో కుస్కో నడిబొడ్డున తల నరికేదాకా అది ఉంది. అంటే వీడియో వాళ్లు ఒక్క సాయంత్రం అన్నది 40 ఏళ్ల వ్యవహారం.

వేపచెట్టు:
సరే, కానీ చివరికి అందరూ లొంగినట్టేగా?

లోయదారి:
అందరూ కాదు. దక్షిణాన చిలీలో మపూచే అనే జాతివాళ్లు గుర్రపు స్వారీ నేర్చుకుని, ఎదురు నిలిచి, 1641లో కిలీన్ దగ్గర స్పెయిన్‌తోనే ఒప్పందం రాయించుకున్నారు, బియోబియో నది సరిహద్దుగా. వాళ్ల నేలను కలిపేసుకున్నది ఆ తర్వాత వచ్చిన స్వతంత్ర చిలీ దేశపు సైన్యం, అదీ 1861-1883 మధ్య. దాని గురించి వేరే థ్రెడ్ పెట్టండి, ఇందులో కుదరదు.