పది మంది ఆడే రంగుల ఆటలో ఇద్దరికే తెలిసిన క్లూ ఇవ్వొచ్చా?

నీలిమబ్బు:
హ్యూస్ అండ్ క్యూస్ ఆడినవాళ్ళు కాస్త తేల్చండి. ఆట తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. బోర్డు మీద 480 రంగు గళ్ళుంటాయి. క్లూ ఇచ్చేవారు కార్డులోని నాలుగు రంగుల్లో ఒకటి మనసులో అనుకుని ఒక్క మాట చెప్తారు. మిగతావాళ్ళు తలో గడిలో పావు పెడతారు. తర్వాత రెండో క్లూ, ఈసారి రెండు మాటల దాకా చెప్పొచ్చు. మళ్ళీ తలో పావు. అప్పుడు అసలు గడి చుట్టూ చదరపు చట్రం పెడతారు. సరిగ్గా ఆ గడి పట్టినవారికి 3 పాయింట్లు, చట్రంలోని మిగతా ఎనిమిది గళ్ళకు 2, చట్రాన్ని ఆనుకుని బయట ఉన్నవాటికి 1. చట్రంలో పడ్డ ఒక్కో పావుకి క్లూ ఇచ్చినవారికీ ఒక పాయింటు.

మొన్న పది మందిమి ఆడుతుంటే ఒకావిడ మొదటి క్లూగా "పొగ" అంది. రెండోది "మన కర్టెన్లు". వాళ్ళాయన అందరికంటే చివర కూర్చున్నాడు. తన వంతు రాగానే నేరుగా వెళ్ళి బూడిద రంగు ఊదాలోకి తిరిగే చోట పావు పెట్టాడు. సరిగ్గా అదే గడి! సగం మంది తొండి అన్నారు, సగం మంది రూల్స్‌లో లేదుగా అన్నారు.

పాచిక:
రూల్స్‌లో లేని మాట నిజమే. ఎరుపు, నీలం లాంటి రంగు పేర్లు చెప్పకూడదు, బోర్డు మీద ఎక్కడుందో చెప్పకూడదు. పాత జ్ఞాపకాలు వద్దని ఎక్కడా లేదు. అయినా ఈ ఆట తనను తానే సరిచేసుకుంటుందండి. ఒక గడిలో ఒకే పావు కాబట్టి క్లూ ఇచ్చేవారికి వచ్చే గరిష్ఠం 9. కర్టెన్ల క్లూతో ఆవిడకి మహా అయితే ఆయన పావులు రెండు పడతాయి. "తుప్పు" లాంటి క్లూ ఇచ్చి ఉంటే ఆరో ఏడో పడేవి. నష్టపోయింది ఆవిడే.

నీలిమబ్బు:
ఆవిడ లెక్క సరే, ఆయనది? సరైన గడికి 3, ఇంకో పావు చట్రంలో పడితే 2, మొత్తం 5. మాకు సున్నా. ఆయన వంతు వచ్చినప్పుడు ఆయనా అదే పని చేస్తే ఇద్దరూ చెరో 7తో పైన కూర్చుంటారు.

వానకోయిల:
పార్టీ గేమ్‌కి ఇంత ఆడిట్ అవసరమా? గెలిస్తే ఏమిస్తారట?

మసకవెలుగు:
పాయింట్లు పక్కన పెడదాం. నాకు ఇబ్బందనిపించేది వేరే. "తుప్పు" అన్నారనుకోండి, బల్ల చుట్టూ గోల మొదలవుతుంది. కొత్త తుప్పు నారింజలా ఉంటుందని ఒకరు, ఏళ్ళు గడిచిన గేటు తుప్పు దాదాపు చాక్లెట్ రంగని ఇంకొకరు. ఒకరి పావు ఎక్కడ పడిందో చూసి "నీ కళ్ళకేమైంది?" అని ఎనిమిది మంది మీద పడతారు. ఆట అంటే ఆ గోలే. "మన కర్టెన్లు" అనగానే అది ఆగిపోతుంది. ఎనిమిది మంది ఫోన్లు చూసుకుంటారు. ముగ్గురు నలుగురు ఆడేటప్పుడైతే చెల్లిపోతుందేమో, పది మందిలో కుదరదు.

అలాగని సొంత జ్ఞాపకాలన్నీ నిషేధించమనను. "పాత ఫొటో" కూడా ఎవరికి వారిదే. కానీ అందరికీ అదే వెలిసిపోయిన గోధుమ ఛాయ గుర్తొస్తుంది. మరోవైపు అందరికీ తెలుసనుకునే సబ్బు డబ్బా రంగు ఇరవై ఏళ్ళ కుర్రాడికి తెలియకపోవచ్చు. కంపెనీ ఈలోగా డబ్బా మార్చేసి ఉంటుంది. ఎవరి జ్ఞాపకమన్నది కాదు చూడాల్సింది, అప్పుడే వచ్చి కూర్చున్న మనిషి కనీసం ఊహించగలడా అన్నది.

(2015లో ఒక డ్రెస్ ఫొటో గుర్తుందా? కొందరికి నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారం. ఎదురుగా ఉన్న బొమ్మ మీదే జనం ఒప్పుకోలేదు, ఇక గుర్తున్న కర్టెన్ల మీద ఏం ఒప్పుకుంటారు!)

ఎర్రాపచ్చా:
నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మగవాళ్ళలోనే ఇది ఎక్కువ, ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల. "నాచు" అన్నా "తుప్పు" అన్నా బోర్డులో సగం నాకు ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి మీరు న్యాయమంటున్న క్లూ కూడా నాకు ఇద్దరికే తెలిసిన క్లూ లాంటిదే. నేనేం చేస్తానంటే చివర్లో కూర్చుంటాను. నలుగురి పావులు ఎక్కడ గుమిగూడాయో చూసి వాటి మధ్య దూరుస్తాను. అందుకే ఎక్కువమంది ఉంటేనే నాకు హాయి. ఆ భార్యాభర్తల్లో ఆయన ముందు ఆడి ఉంటే మీరందరూ నాలాగే ఆయన వెనక పడేవారు, ఆవిడకీ 9 వచ్చేవి, తొండి మాటే వచ్చేది కాదు.

పాచిక:
ఇది బాగుంది. చిక్కు క్లూలో లేదు, కూర్చున్న వరసలో ఉంది. తెలిసిన మనిషి ముందు ఆడితే ఆ రహస్యం బల్లంతటికీ పనికొస్తుంది.

మసకవెలుగు:
పనికొస్తుంది, కానీ మిగతా ఎనిమిది మందీ రంగు చూడటం మానేసి ఆయన చెయ్యి చూస్తారు. నాకది ఇంకా నచ్చదు.

నీలిమబ్బు:
ఈసారి ఆయన్ని ముందు కూర్చోబెడదామనుకున్నా. కానీ మొదటి పావు కావాలనే వేరే మూలన పెట్టి మమ్మల్ని అటు లాగి, రెండోది సరైన గడిలో పెడితే?

వానకోయిల:
అప్పుడు ఆవిడ పాయింట్లు పోతాయి. ఇంటికెళ్ళాక ఆయన సంగతి ఆవిడ చూసుకుంటుంది లెండి.