అద్దెకున్నవారి ఇంటిని కొనేవారికి ఇప్పుడు చూపించడం న్యాయమేనా?

నిజాంపేట ఓనరు (2021 జూన్ 24):
హైదరాబాదు నిజాంపేటలో నాకున్న రెండు పడకగదుల ఫ్లాటులో మూడేళ్లుగా ఒక కుటుంబం అద్దెకుంటోంది. మా అమ్మాయి పైచదువు కోసం దాన్ని అమ్మదలచి ఫిబ్రవరిలోనే ప్రకటన ఇచ్చాను గాని, రెండో దఫా కరోనా, ఆ వెనుకే మే 12న మొదలైన లాక్‌డౌన్ కారణంగా ఒక్కరికి కూడా చూపించలేకపోయాను. ఈ నెల 20న లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తివేశారు కనుక ఇప్పుడు నాలుగు కుటుంబాలు వచ్చి చూస్తామంటున్నాయి. జులై రెండో వారంలో ఆషాఢం వచ్చిందంటే మళ్లీ శ్రావణం దాకా ఎవరూ బయానా ఇవ్వరు. అద్దెకున్నవారు మాత్రం తమ ఇంట్లోని 71 ఏళ్ల పెద్దావిడకు రెండో డోసు పడేవరకు ఎవరినీ లోపలికి రానివ్వమంటున్నారు. ఆవిడ ఏప్రిల్ చివర్లో కోవిషీల్డ్ టీకా మొదటి డోసు వేయించుకున్నారు. రెండు డోసుల మధ్య వ్యవధిని 12–16 వారాలుగా పెంచారు కాబట్టి రెండోది జులై ఆఖరుకు గాని పడదు. ముందుగా చెప్పి ఇల్లు చూడవచ్చునని మా అద్దె ఒప్పందంలో రాసుకున్నాం. మాల్స్ తెరిచిన రోజుల్లో నా ఇల్లు నేను చూపించుకోవడం అన్యాయమా?

వేపచెట్టు:
నేనూ అద్దె ఇంట్లోనే ఉంటున్నాను కనుక నా మాట ఒక పక్షానికి మొగ్గితే మన్నించండి. ఆ షరతు ఇల్లు ఎలా ఉందో మీరు చూసుకోవడానికి రాసుకున్నదా, ముక్కూమొహం తెలియనివారిని పడకగదుల్లోకి తీసుకువెళ్లడానికి రాసుకున్నదా అన్నది ముందు చూడండి. అద్దె సక్రమంగా కడుతున్నంతకాలం ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండే హక్కు అద్దెదారుకు ఉన్నదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ఈ నెల 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో 24 గంటల ముందు నోటీసు ఇచ్చి యజమాని లోపలికి రావచ్చునని ఉన్నమాట నిజమే. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప ఇక్కడ అమల్లోకి రాదు. మాల్‌తో పోలిక కూడా కుదరదు. మాల్‌కు వెళ్లాలో వద్దో పెద్దావిడే నిర్ణయించుకుంటారు. మీరు తెచ్చే నాలుగు కుటుంబాల విషయంలో ఆవిడకు ఆ వీలు లేదు. అమ్మకం డబ్బు మీది, జబ్బు వస్తే ఆసుపత్రి బిల్లు వారిది.

ఇరవయ్యేళ్ల ఏజెంటు:
కళ్లారా చూడకుండా ఇంటిమీద డబ్బు పెట్టేవారిని నేనింతవరకు చూడలేదు. వీడియోలో హాలు విశాలంగానే కనిపిస్తుంది గాని, బాత్రూము చెమ్మ వాసన అందులో రాదు, కుళాయి ధార ఎంత సన్నమో తెలియదు. పైగా గోడల సంగతి ఈ వానల్లోనే బయటపడుతుంది. వచ్చినవారికి జ్వరం చూసే థర్మల్ గన్ పెట్టి, చేతులకు శానిటైజర్ వేసి, తలుపు గొళ్లాలు తుడిపించి మరీ చూపిస్తున్నాం. అంతకంటే ఏం చేయాలి?

మియాపూర్ ఇంజనీరు:
ఏజెంటు గారు చెప్పిన మూడు పనులూ చేయవచ్చు గాని అసలు ప్రమాదం వాటికి అందదు. లక్షణాలు లేనివారి నుంచి కూడా సోకే జబ్బును థర్మల్ గన్ పట్టుకోలేదు. తుంపరలు రెండు మీటర్లలోపు పడిపోతాయనీ, గాలిలో తేలే మరీ సన్నని తుంపరలు పది మీటర్ల వరకు వెళ్లగలవనీ, కిటికీలు మూసి ఏసీ వేస్తే ఆ గాలి గదిలోనే చిక్కుకుపోతుందనీ కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం మే 20న ఇచ్చిన సూచనల్లో ఉంది. పది మీటర్లంటే మన ఫ్లాట్లలో వీధి తలుపు నుంచి వంటింటి బాల్కనీ దాకా. కనుక ఎంతమంది వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, గాలి ఎటు పోతోంది అన్నవే చూసుకోవాలి.

ఇక్కడే మన అలవాటు అడ్డొస్తుంది. కొనేది ఇద్దరైనా చూడటానికి ఇన్నోవా నిండా వస్తారు: మామగారు, బావమరిది, పిల్లలు, దిక్సూచితో సిద్ధాంతి గారు. (నేను కొన్నప్పుడు మావాళ్లు తొమ్మిది మంది వెళ్లి, సోఫాలో కూర్చుని టీ కూడా తాగారు.) ఈశాన్యం సంగతి తేల్చడానికి సిద్ధాంతి గారు లోపలికి రానక్కరలేదు; కొలతలు, ఉత్తరం గుర్తు వేసిన ప్లాను పంపితే చాలు. ఈసీ (ఇంటిమీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే దొరుకుతుంది, లింకు డాక్యుమెంట్ల (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజుల) నకళ్లు ముందే పంపవచ్చు. ధర, కాగితాలు, వాస్తు, వీడియో అన్నీ కుదిరాక కూడా కొంటామనే కుటుంబమే రావాలి, అందులోనూ భార్యాభర్తలు మాత్రమే, ఎన్95 మాస్కులతో, పదిహేను నిమిషాలు. అరగంట ముందే కిటికీలు, బాల్కనీ తలుపులు తీసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వారు వెళ్లాక మరో గంట అలాగే ఉంచాలి. బేరం టెర్రస్ మీద మాట్లాడుకోండి.

స్లౌ నుంచి:
గత ఏడాది మే 13న ఇంగ్లండులో ఇళ్ల అమ్మకాలు తిరిగి మొదలైనప్పుడు ప్రభుత్వం దాదాపు ఇదే చెప్పింది. తొలి చూపు వీలైనంతవరకు వీడియోలో జరగాలి, లోపలి తలుపులన్నీ తీసి ఉంచాలి, చూసే సమయానికి ఇంట్లోవారు బయటికి వెళ్లడం మంచిది, ఓపెన్ హౌస్ పేరుతో గుంపుగా పిలవరాదు, ఎవరికైనా లక్షణాలుంటే ఆ ఇల్లు అసలు చూపించరాదు. మేం అద్దెకున్న ఇంటిని అమ్మకానికి పెట్టినప్పుడు మేం పక్క పార్కులో కూర్చున్నాం. అయితే 71 ఏళ్ల మనిషిని నిజాంపేటలో ఎక్కడ కూర్చోబెడతారు?

వేపచెట్టు:
ఇంజనీరు గారి పద్ధతితో నాకు పేచీ లేదు. కాని అది అద్దెదారు ఒప్పుకున్నాక పాటించవలసిన పద్ధతి, ఒప్పుకోలుకు బదులు కాదు. ఓనరు గారిని ఒకటి అడుగుతాను: కొన్నవారు ఇల్లు ఖాళీ చేయమంటారా, ఉండనిస్తారా అన్నది ఆ కుటుంబానికి చెప్పారా? తమను ఖాళీ చేయించబోయే మనిషికి తామే తలుపు తీయాలంటే ఎవరికి మనసొప్పుతుంది? ఇలాంటి నిరాకరణల్లో కరోనా భయం సగమేనని నా అనుమానం.

నిజాంపేట ఓనరు (జూన్ 27):
నిన్న ఫోను చేస్తే వారు అడిగిన మొదటి ప్రశ్న అదే. డిసెంబరు దాకా ఉండనిచ్చేలా కొనేవారితో రాయిస్తానని, జులై అద్దె తీసుకోనని చెప్పాను. వారే వీడియో తీసి పంపారు, బాత్రూము చెమ్మతో సహా. అది చూసి రెండు కుటుంబాలు తప్పుకున్నాయి. ఏజెంటు గారికి కోపం వచ్చింది గాని, చెమ్మ చూసి వద్దనేవారు ఇంట్లోకి వచ్చి చూసినా వద్దనే అనేవారు. మిగిలినవారిలో ఒక జంట జులై 4 ఆదివారం ఉదయం వస్తుంది. ఆ రోజు పెద్దావిడ కూతురి ఇంట్లో ఉంటారు. నాలుగో కుటుంబం పెద్దలందరూ చూడనిదే కుదరదంటోంది. వారిని శ్రావణంలో రమ్మన్నాను.