ఒకే ముత్తాత రెండుచోట్ల వస్తే ఏమని రాయాలి?

గీతలు గీసేవాణ్ణి: వంశవృక్షం టైపు చేస్తున్నాను. మా నాన్నమ్మ, అమ్మ వైపు తాతయ్య సొంత అన్నాచెల్లెళ్ళు. దాంతో ఆ ఇద్దరి అమ్మానాన్నలు రెండుచోట్లా వచ్చారు. ముత్తాతల వరసలో గళ్ళు ఎనిమిది, మనుషులు ఆరుగురే. రెండో చోట ఏం రాస్తే చదివేవాళ్ళు వేరే మనిషి అనుకోరు? ఏదో పాత పట్టికలో ‘పూర్వోక్త...’ అని మొదలయ్యే మాట చూశాను. మిగతాది నాలుక చివరే ఉంది, రావట్లేదు.

నిఘంటువు పురుగు: పూర్వోక్తుడే అయ్యుంటుంది. ముందు చెప్పినవాడని. దస్తావేజుల్లో బాగుంటుంది గానీ, మీ చార్టులో సగం మంది దాన్ని ‘పూర్వీకుడు’ అనే చదివేస్తారు. ‘ముత్తాత (రెండువైపులా)’ అనండి, చాలు. అన్నట్టు, ముత్తాతలో ‘ము’ ముది (అంటే ముసలి) నుంచి వచ్చింది, మూడు నుంచి కాదు. ఇక్కడే ఎవరో అలా సెలవిచ్చారు.

హల్లు: సెలవిచ్చింది నేనేనండీ. ముల్లోకాలు, ముక్కంటి, ముమ్మారు. మూడులో ‘డు’ పోయి పక్క హల్లు రెట్టిస్తుంది. నాన్న ఒకటి, తాత రెండు, ముత్తాత మూడు. లెక్కా కుదిరింది, సంధీ కుదిరింది. ఇంకేం కావాలి?

నిఘంటువు పురుగు: ముల్లోకాలంటే మూడు లోకాలు, మూడో లోకం కాదు. మీ సంధి ప్రకారం ముగ్గురు తాతలు రావాలి.

పర్వం వారీ: మీ ముగ్గురు తాతల్ని అలా ఉంచండి. ఈ చార్టు అచ్చం అభిమన్యుడిది. నాన్నమ్మ కుంతి, అమ్మ తండ్రి వసుదేవుడు, ఇద్దరూ శూరుడి పిల్లలు. శూరుడు రెండువైపులా ముత్తాతే.

హల్లు: కుంతి కుంతిభోజుడికి పెంపకం వెళ్ళింది కదా మాస్టారూ. ఆ గడిలో ఎవరిని రాస్తారు?

పర్వం వారీ: కన్నవాళ్ళనే. మరి అర్జునుడి పైగడిలో ఇంద్రుడా, పాండురాజా అని మాత్రం అడక్కండి, తెల్లారిపోతుంది.

కొత్త సభ్యుడు: ప్రపితామహుడు, ప్రమాతామహుడు అని సంస్కృతంలో రాస్తే గొడవ ఉండదేమో?

పర్వం వారీ: ప్రపితామహుడంటే నాన్న తండ్రికి తండ్రి, ఇక్కడున్నది నాన్నమ్మ తండ్రి. అయినా ఆ మాటలతో ఒకే మనిషని తెలియదు. పైగా అందరూ పితామహుడని పిలిచే భీష్ముడి కింద ఒక్క గీత కూడా ఉండదు! ఆ ఇంటి కథ తలుచుకుంటే ‘గతకాలము మేలు’ పద్యమే గుర్తొస్తుంది.

కొత్త సభ్యుడు: తిక్కన భలే రాశాడండీ అది.

పర్వం వారీ: నన్నయ, నాయనా. ఆదిపర్వం. పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతితో అనే మాట. ‘ఎండమావులట్టుల’ దగ్గర కాసేపు ఆగి చదవండి. ఇంత చిన్న కందంలో అంత దిగులు ఎలా పట్టిందో!

లెక్కల మనిషి: అసలు ప్రశ్నకు వద్దాం. ప్రతి గడికీ అంకె వేయండి. మీరు 1, నాన్న 2, అమ్మ 3. ఎవరి అంకెనైనా రెట్టిస్తే వాళ్ళ నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ళ అమ్మ. 1590లో ఐట్సింగర్ అనే ఆస్ట్రియా చరిత్రకారుడు అచ్చువేసిన పద్ధతే. మీ జంట 10, 11 దగ్గర ఉంటారు, మళ్ళీ 12, 13 దగ్గర వస్తారు. 12లో పేరు రాసి, కింద ‘10వ గడిలోని వారే’ అనండి. ఆ పైతరాలు రెండోసారి గీయొద్దు.

గీతలు గీసేవాణ్ణి: ఇది బాగుంది. ‘వారే’నా, ‘వారు కూడా’నా?

హల్లు: ‘వారే’. ‘కూడా’ అంటే ఇంకొకరు తోడొచ్చినట్టుంటుంది.

నిఘంటువు పురుగు: ఒప్పుకున్నాను. అయితే హల్లు గారూ, మీ లెక్కన ముత్తాత తండ్రి ‘నల్తాత’ కావాలి. నల్దిక్కులా వెతికాను, ఎక్కడా లేడు.