వెంగర్ నిజంగా పిసినారా, లేక క్లబ్బే ఆయన చేతులు కట్టేసిందా?

కొత్త_గన్నర్:

నేను లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌ని చూడటం మొదలుపెట్టిందే 22 ఏళ్ళు మేనేజర్‌గా ఉన్న వెంగర్ వెళ్ళిపోయి, ఆర్టెటా మేనేజర్‌గా వచ్చాక. మిడ్‌ఫీల్డర్ డెక్లన్ రైస్‌కి 100 మిలియన్ పౌండ్లు పెట్టినప్పుడు మా వాట్సాప్ గ్రూప్‌లో ఒక సీనియర్ "వెంగర్ అయితే ఈ డబ్బుతో పదిమంది కుర్రాళ్ళని తెచ్చేవాడు" అన్నారు, ఇంకొకాయన వెంటనే "తెచ్చి నాలుగో ప్లేస్‌లో కూర్చోబెట్టేవాడు" అన్నారు, ఇంక ఆ రాత్రంతా అదే గొడవ. అప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్ళని కొనే, అమ్మే గడువు) తెరిచినా మళ్ళీ అదే.

నాకు అర్థం కానిదేంటంటే, 2003-04లో 38 మ్యాచ్‌లు ఒక్కటీ ఓడకుండా లీగ్ గెలిచిన మనిషి, 2005 ఎఫ్ఏ కప్ తర్వాత 2014 దాకా ఒక్క ట్రోఫీ కూడా ఎందుకు తేలేకపోయాడు? కొంతమంది స్టేడియం అప్పు అంటారు, కొంతమంది డబ్బున్నా తీయడు మొండోడు అంటారు. 2015 వేసవిలో అయితే ఒక్క గోల్‌కీపర్ని కొని ఊరుకున్నారంట, అది నిజమేనా? డబ్బు లేక కొనలేదా, ఉండీ కొనలేదా? ఆ రోజుల్లో వారం వారం చూసినవాళ్ళు చెప్తే బావుంటుంది, యూట్యూబ్ క్లిప్పులు చూసి నాకేం తేలట్లేదు.

నార్త్‌బ్యాంక్_నెల్లూరు:

తమ్ముడూ, అందరూ 22 ఏళ్ళనీ ఒకే గాటన కట్టేస్తారు కాబట్టే ఆ గొడవ తెగదు. 2013కి ముందు కథ వేరు, తర్వాత కథ వేరు.

మన పాత స్టేడియం హైబరీలో పట్టేది 38 వేల మంది. మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్‌లో దాదాపు దానికి రెట్టింపు. ఆ తేడా ప్రతి హోమ్ మ్యాచ్‌కీ టికెట్ల డబ్బులో కనపడేది, అందుకని 60 వేల స్టేడియం కట్టుకోవాలని దిగారు, సుమారు 390 మిలియన్ పౌండ్లు అయింది, 2006లో మారారు. ఎమిరేట్స్ విమాన కంపెనీ వాళ్ళతో 2004లోనే 100 మిలియన్లకి ఒప్పందం రాసుకున్నారు, స్టేడియం పేరు 15 ఏళ్ళకి, చొక్కా మీద పేరు కూడా అందులోనే. కట్టడానికి డబ్బు ముందే కావాలి కదా, అందుకని తక్కువకే ఇచ్చేశారు, తర్వాత మిగతా క్లబ్బుల స్పాన్సర్ రేట్లు ఎక్కడికో పోతే మనం మాత్రం పాత రేటుకే ఇరుక్కుపోయాం. అప్పిచ్చిన బ్యాంకులు వెంగర్ ఇంకో ఐదేళ్ళు ఉంటానని సంతకం పెట్టాలని అడిగాయని తర్వాత ఆయనే చెప్పాడు. ఒక్కసారి ఆలోచించు, టీం మొత్తాన్ని అమ్మినా పర్లేదు ఈ మనిషి ఉంటే టాప్ ఫోర్‌లో నిలిచి యూరప్ పెద్ద క్లబ్బులాడే ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్తారు, మా వాయిదా మాకొస్తుంది అని బ్యాంకే నమ్మింది. ఆయన వెళ్ళాడు కూడా, ప్రతి ఏడాదీ.

సరిగ్గా అదే టైమ్‌లో 2003లో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ చెల్సీని కొన్నాడు, 2008లో అబుదాబీ వాళ్ళు మాంచెస్టర్ సిటీని కొన్నారు. ఇలా ఓనర్ డబ్బు కుమ్మరించడాన్ని వెంగర్ ఫైనాన్షియల్ డోపింగ్ అనేవాడు, దానికి ఆయన్ని ఎగతాళి చేశారు గానీ మన క్లీషీ, నస్రీ ఇద్దరూ 2011లో ఎక్కడికి పోయారు? సిటీకే. అదే వేసవిలో ఫాబ్రెగాస్ బార్సిలోనాకి పోయాడు. ఆగస్టు 28న యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 8-2 ఓడిపోయాం. నేను ఆరో గోల్ దాకా చూసి టీవీ కట్టేశాను, ఆ తర్వాత మూడ్రోజుల్లో హడావిడిగా మెర్టెసాకర్, ఆర్టెటా, ఆండ్రే శాంటోస్, పార్క్, లోన్ మీద (కొనకుండా కొంతకాలానికి) బెనయూన్ వచ్చారు. మరుసటి ఏడాది వాన్ పెర్సీని సుమారు 24 మిలియన్లకి యునైటెడ్‌కే అమ్మాం, వాడు వాళ్ళకి లీగ్ గెలిపించి పెట్టాడు.

ఇంకోటి, చౌకగా కొని పెద్దవాళ్ళని చేయడం ఆయనకి అప్పు వచ్చాక పుట్టిన అలవాటు కాదు. అనెల్కాని అర మిలియన్‌కి తెచ్చి రెండేళ్ళకి రియల్ మాడ్రిడ్‌కి 22 మిలియన్ల పైన అమ్మాడు, ఆ డబ్బుతోనే ఆన్రీ వచ్చాడు, లండన్ కోల్నీలో ట్రైనింగ్ గ్రౌండ్ లేచింది. వియెరా 3.5 మిలియన్లు. కోలో టూరే అయితే లక్షన్నర పౌండ్లు, మిలియన్లు కాదు లక్షన్నరే. స్ట్రాస్‌బోర్గ్‌లో ఎకనామిక్స్ చదివిన మనిషి, ఒకసారి ఇలా పని అయ్యాక ఎక్కువ పెట్టడానికి మనసు ఎలా ఒప్పుతుంది.

ఓరుగల్లు_గూనర్:

స్టేడియం అప్పు మీద నాకేం లొల్లి లేదన్నా, 2013 దాకా ఆయన చేసింది మాత్రం ఇంకెవ్వరూ చేయలేకపోదురు. నా బాధంతా 2015-16 మీదనే, అది గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతది.

అడిగిన తమ్మునికి చెప్తున్న, అవును అది నిజం. చెల్సీ నుంచి పీటర్ చెక్‌ని సుమారు 10 మిలియన్లకి తెచ్చిండ్రు, అంతే. యూరప్‌ల ఐదు పెద్ద లీగుల్లో గోల్‌కీపర్ కాని ఆటగాడిని ఒక్కణ్ణి కూడా కొనని క్లబ్ ఆ వేసవిల మనదొక్కటే. ఎందుకు కొనలేదంటే, అంతకు ముందు డిసెంబర్‌ల చార్ల్‌టన్‌కి లోన్ మీద పోయిన కోక్లాన్‌ని వెనక్కి పిలిస్తే వాడు మిడ్‌ఫీల్డ్‌ల మస్తు ఆడిండు, బెయెరిన్ కూడా డెబుషీకి దెబ్బ తగిలితేనే బయటపడ్డడు. ఇగ వెంగర్‌కి నమ్మకం కుదిరింది, మనదాంట్లనే ఉన్నరు బయట వెతుకుడెందుకు అని.

నవంబర్ 21న వెస్ట్ బ్రామ్ మ్యాచ్ చూసినోళ్ళకి ఎరుక. కోక్లాన్ మోకాలు పట్టుకుని బయటికి పోయిండు, ఇంకా పావుగంట కూడా కాలేదు. వాని జాగల ఎవరొచ్చిండ్రు? ఇప్పటి మన మేనేజర్ ఆర్టెటా, అప్పటికే 33 ఏళ్ళు, వచ్చి సెల్ఫ్ గోల్ పడింది, ఆయనకి కూడా దెబ్బ తగిలి పోతే ఫ్లామిని వచ్చిండు. ఆఖర్ల పెనాల్టీ దొరికితే కజోర్లా కాలు జారి పైకి కొట్టిండు, 2-1 ఓడినం. ఎనిమిది రోజులకే నారిచ్‌ల ఆ కజోర్లా కూడా మోకాలుతో సీజన్ మొత్తం పోయిండు. ఇద్దరు పోతే మిడ్‌ఫీల్డ్ ఖాళీ, ఒక్క వేసవి ఒక్క మనిషిని కొననందుకు.

ఆ సీజన్ మళ్ళ వస్తదా చెప్పు. చెల్సీ పదో ప్లేస్, సిటీకి 66 పాయింట్లు, యునైటెడ్‌కి 66. లీగ్ గెలిచిన లెస్టర్ మొత్తం మూడంటే మూడు మ్యాచ్‌లు ఓడింది, అందుల రెండు మనమే ఓడగొట్టినం! ఫిబ్రవరి 14 ఆదివారం, 95వ నిమిషంల ఓజిల్ ఫ్రీకిక్, వెల్‌బెక్ పది నెలల తర్వాత గ్రౌండ్‌ల అడుగుపెట్టి తలతోని కొట్టిండు, తేడా రెండు పాయింట్లకి వచ్చింది, మా రూమ్‌ల అందరం మంచాలెక్కి ఎగిరినం. రెండు వారాలకి యునైటెడ్ దగ్గర 3-2 ఓడినం, రాష్‌ఫోర్డ్‌కి అది మొదటి లీగ్ మ్యాచ్, రెండు గోల్స్. మూడు రోజులకి ఇంట్ల స్వాన్సీ చేతుల 2-1. ఆఖరికి వాళ్ళకి 81, మనకి 71. దీనికి స్టేడియం అప్పు అని ఎట్ల అంటరు?

బ్యాలెన్స్‌షీట్:

ఈ 2015 విషయంలో అందరూ ఖాతాలో 200 మిలియన్లు మూలుగుతున్నాయి అనేవారు కాబట్టి ఒక చిన్న వివరణ. 2015 మే 31 నాటి లెక్కల్లో నగదు 228 మిలియన్లు అని ఉన్నమాట నిజమే, కానీ ఆ తేదీ చూడండి, వచ్చే సీజన్ టికెట్ల డబ్బు అభిమానులు అప్పటికే కట్టేసి ఉంటారు, దాంట్లోంచే ఏడాదంతా జీతాలివ్వాలి. అద్దెకున్నవాళ్ళు ఇచ్చిన అడ్వాన్స్ చూసుకుని ఓనర్ కారు కొనుక్కున్నట్టు ఉంటుంది అది మొత్తం ఖర్చు పెట్టేస్తే. ఇంకా స్టేడియం కోసం 2006లో తీసిన 260 మిలియన్ల బాండ్లకి అప్పట్లో ఏటా సుమారు 20 మిలియన్లు కట్టాల్సి వచ్చేది, దానికోసం కొంత పక్కన ముట్టుకోకుండా పెట్టాల్సి వచ్చేది.

అయినా సరే ఓరుగల్లు గారి మాటకే నా ఓటు. ఎందుకంటే 2013 వేసవిలో సీఈవో గజిడిస్సే ఇక మన ఆర్థిక బలం పెరిగింది అని పబ్లిక్‌గా చెప్పాడు. అవన్నీ తీసేసినా ఒక మంచి మిడ్‌ఫీల్డర్‌కి సరిపడా మిగిలేది.

ఇంకో విషయం ఎవరూ చెప్పట్లేదు, ఆయన ఖర్చు పెట్టని మనిషేం కాదు, జీతాల్లో పెట్టేవాడు. 2014-15లో జీతాల బిల్లు సుమారు 190 మిలియన్లు. పెద్ద స్టార్‌కీ బెంచ్ మీద కుర్రాడికీ మరీ అంత తేడా ఉండకూడదనేది ఆయన పద్ధతి, దాంతో బెంట్నర్, డెనిల్సన్ లాంటివాళ్ళకి బయట ఎక్కడా రానంత జీతం ఇక్కడ వచ్చేది, అమ్ముదామంటే వాళ్ళు కదలరు, ఇంకోపక్క వాన్ పెర్సీ లాంటివాడు అడిగినంత ఇవ్వలేరు. నా దృష్టిలో ట్రాన్స్‌ఫర్ ఫీజులో మిగిల్చింది చాలావరకు ఇక్కడే పోయింది.

కొత్త_గన్నర్:

థాంక్స్ అందరికీ, ఇన్నాళ్ళకి ఒక లైన్‌లో అర్థమవుతోంది. ఒక డౌట్, మరి లివర్‌పూల్ స్ట్రైకర్ సువారెజ్‌కి 40 మిలియన్ల ఒక్క పౌండ్ ఇస్తామన్నారు అని మీమ్స్ వస్తుంటాయి కదా, ఓజిల్‌ని కూడా తెచ్చారు. అంటే పెద్ద డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నట్టే కదా? 2015లో మళ్ళీ ఎందుకు ఆగిపోయాడు?

పద్నాలుగో_నంబర్:

2013 వేసవిలో సువారెజ్ విషయంలో 40 మిలియన్లు దాటిన ఆఫర్ వస్తే లివర్‌పూల్ కదలాలని ఒక క్లాజ్ ఉందనుకుని ఒక్క పౌండ్ ఎక్కువ రాశారు. అక్కడే ఆయన, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళ స్వభావం మొత్తం ఉంది. నిజంగా కావాలంటే 50 అని రాసుంటే లివర్‌పూల్‌కి కనీసం ఆలోచన వచ్చేది, ఇలా రాస్తే వాళ్ళకి కోపం వచ్చింది, వాళ్ళ ఓనర్ ట్విట్టర్‌లోనే తిట్టాడు. తర్వాత ఆగస్టు 17న సొంత గ్రౌండ్‌లో ఆస్టన్ విల్లాతో 3-1 ఓడితే స్టేడియం అంతా డబ్బు తియ్ డబ్బు తియ్ అని అరిచారు. సెప్టెంబర్ 2న విండో మూసే రోజు ఓజిల్ 42.5 మిలియన్లకి వచ్చాడు. నేనప్పుడు హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌లో ఉన్నా, ఫోన్‌లో రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాం ముగ్గురం.

మీరు ఆ వరస గమనించండి. 8-2 అయ్యాక ఐదుగురు. విల్లా తర్వాత ఓజిల్. 2014లో జిరూడ్‌కి కాలు విరిగాక చివరి రోజున వెల్‌బెక్, అదీ వెంగర్ ఆ రోజు ఏదో చారిటీ మ్యాచ్ కోసం రోమ్‌లో ఉండగా. అంటే దెబ్బ తగిలితేనే కొంటాడు. 2015లో సీజన్ మొదలయ్యే ముందు ఆడే కమ్యూనిటీ షీల్డ్‌లో చెల్సీని కొట్టాం, అంతకుముందు రెండేళ్ళూ ఎఫ్ఏ కప్ వచ్చింది, తగలాల్సిన దెబ్బ తగల్లేదు. లీగ్ మొదటి మ్యాచ్ వెస్ట్ హామ్ చేతిలో 2-0 ఓడినా చెక్ తప్పులని సరిపెట్టుకున్నారు. ఒకణ్ణి కొంటే నా దగ్గరున్న ఇంకో కుర్రాడి దారి మూసేసినట్టే అని ఆయన నిజంగానే నమ్మేవాడు, ఫాబ్రెగాస్ 16 ఏళ్ళకి వచ్చి 17 ఏళ్ళకి లీగ్‌లో ఆడాడంటే ఆ నమ్మకం వల్లే, దాన్ని నేను తప్పు పట్టలేను. కానీ అదే వేసవిలో లెస్టర్ వాళ్ళు ఫ్రెంచ్ లీగ్ నుంచి, అదీ వెంగర్‌కి కొట్టినపిండి లాంటి చోటు నుంచి, మిడ్‌ఫీల్డర్ కాంటేని 6 మిలియన్ల లోపే తెచ్చుకున్నారు. దానికి ఎవరి అప్పూ అడ్డం రాదు.

ఓరుగల్లు_గూనర్:

అదే అన్నా అదే! మన మిడ్‌ఫీల్డ్‌కి కావాల్సిన మనిషి వాడే. జనవరిల ఎల్నేనీని తెచ్చిండ్రు గానీ అప్పటికే ఆలస్యమైంది.

నార్త్‌బ్యాంక్_నెల్లూరు:

కాంటే విషయంలో నా దగ్గర జవాబు లేదు గానీ, కొంటే గెలిచేవాళ్ళం అనేది కూడా పూర్తిగా ఒప్పుకోను. 2016 వేసవిలో జాకా, ముస్తాఫీ ఇద్దరికే 60 మిలియన్ల పైన పెట్టాడు, అందరూ అడిగినట్టే. ఆ సీజన్‌లోనే 20 ఏళ్ళలో మొదటిసారి టాప్ ఫోర్ పోయింది, ఐదో ప్లేస్. ముస్తాఫీ వెనకాల ఎంత ఖాళీ వదిలేసేవాడో చూసినవాళ్ళకి తెలుసు. అదే సీజన్ చివర ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో చెల్సీని 2-1 కొట్టినప్పుడు ముస్తాఫీ లేడు, కొషెల్నీ సస్పెన్షన్, గాబ్రియెల్‌కి దెబ్బ, డిఫెన్స్ మధ్యలో నిలబడింది ఎవరు? సీజన్ మొత్తం కలిపి ఒక్క మ్యాచ్ ఆడిన మెర్టెసాకర్, పక్కన హోల్డింగ్ అనే కుర్రాడు. వాణ్ణి బోల్టన్ నుంచి 2 మిలియన్లకి తెచ్చారు. చెల్సీ స్ట్రైకర్ కోస్టాని ఆ రోజు వాడు ఎలా రెచ్చగొట్టి ఆడాడో ఫుల్ మ్యాచ్ దొరికితే చూడు తమ్ముడూ, హైలైట్స్‌లో అది కనపడదు.