క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో నాన్నగారికి ఏ సీట్లు అనువుగా ఉంటాయి?

గుంటూరు నుంచి అమెరికాలో సియాటిల్ నగరం దగ్గరున్న రెడ్మండ్‌లోని మా ఇంటికి వచ్చిన నాన్నగారికి సియాటిల్ క్రాకెన్ జట్టు ఆడే ఐస్ హాకీ చూపించాలని ఉంది. 1962 నాటి ప్రపంచ ప్రదర్శన భవనపు పైకప్పును అలాగే నిలిపి, దాని కింద నేలను లోతుగా తవ్వి, 2021లో తెరిచిన ఈ అరీనాలో వాననీటిని పట్టి మంచుగా గడ్డకట్టిస్తారని చెప్పినప్పటి నుంచి, నీటిపారుదల శాఖలో పనిచేసి విరమణ పొందిన ఆయన ఎంతో ఉత్సాహంగా ఉన్నారు. అయితే మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ మెట్లు దిగలేరు. సియాటిల్ నగర మధ్యలోని వెస్ట్‌లేక్ స్టేషన్ నుంచి మోనోరైలులో వస్తాము. లిఫ్టుకు దగ్గరగా ఉంటూ, పక్ అనే ఆ చిన్న నల్లని బిళ్ల స్పష్టంగా కనిపించే వరుసలు ఏవి? లోపలి చలికి శాలువా సరిపోతుందా, మందపాటి కోటు తప్పనిసరా? పెద్దవారిని తీసుకువెళ్లిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.