పాత టోపో షీట్లలో బెజవాడ: బుడమేరు పాత దారి ఎలా వెతకాలి?

లంకవీధి (ప్రశ్న)
సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రాకముందు బుడమేరు వాగు ఎటు పారేదో, చెరువులు ఎక్కడుండేవో ఇప్పటి మ్యాపు మీద చూడాలి. అంగుళానికి మైలు లెక్కన ఉన్న పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు (నేల తీరు చూపే మ్యాపు) స్కాన్ దొరికింది. మ్యాపుల సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లో నాలుగు మూలలకీ అక్షాంశ రేఖాంశాలు ఇస్తే కాలువలన్నీ ఒకే పక్కకి దాదాపు 200 మీటర్లు జరిగి కనిపిస్తున్నాయి. ఊరి దక్షిణ భాగం అసలు లేనే లేదు. 2024 సెప్టెంబరులో నీళ్లు నిలిచిన చోట్లూ పాత పల్లాలూ ఒకటేనా అన్నది తేల్చుకోవాలి.

నక్షాలపెట్టె
16°30′ అక్షాంశం బెజవాడ మీదుగానే పోతుందండీ. దానికి పైన 65 డి/10 నంబరు షీటు, కింద 65 డి/11. ఏటి అవతల తాడేపల్లి రెండోదాంట్లో ఉంటుంది. కొత్త వరుసలో ఇవే ఈ44యు10, ఈ44యు11. రెండూ తీసుకుని అంచులు కత్తిరించి కలపాలి.

ఇక 200 మీటర్ల సంగతి. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి అప్పట్లో వాడిన లెక్క) మీద గీసినవి. మీరు ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 ఎంచుకుని ఉంటారు. స్కాన్‌ని మ్యాపు మీద కూర్చోబెట్టే జియోరెఫరెన్సర్‌లో ఈపీఎస్‌జీ 4146 అనే కొలత పద్ధతి కోడు గానీ, ఇంకా పాత షీటైతే 4144 గానీ పెట్టండి. మిగతా మార్పిడి సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది. పాత కాలువని ఇప్పటి కాలువకి అంటించి పొరని చేత్తో మాత్రం జరపొద్దు. అలా చేస్తే ఆ కాలువ నిజంగా చోటు మారిందో లేదో ఇక తెలిసే దారి ఉండదు.

నాలుగు మూలలు చాలవు. లోపల 5 నిమిషాలకో గీత ఉంటుంది, అంచులతో కలిపి 16 కూడళ్లు దొరుకుతాయి. అన్నిటికీ పాయింట్లు ఇచ్చి ముందు పాలినోమియల్ 1 (షీటునంతా ఒకేలా తిప్పి సాగదీసే పద్ధతి) నడపండి. 300 డీపీఐ స్కాన్‌లో ఒక పిక్సెల్ నేల మీద 5.4 మీటర్లు. ఒక్క పాయింటే బాగా తప్పితే అంకె తప్పు కొట్టినట్టు. ఒక పక్కవన్నీ తప్పితే కాగితం మడత పడిందనో సాగిందనో అర్థం. అప్పుడే ఒక్కో చోట ఒక్కోలా సాగదీసే థిన్ ప్లేట్ స్ప్లైన్‌కి వెళ్లండి. అది ప్రతి పాయింటులోనూ తప్పు సున్నా అనే చూపిస్తుంది, అందుకే మొదటే దానితో మొదలుపెట్టకూడదు.

1905కి ముందు షీటైతే ఇంకో చిక్కుంది. మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశానికి అప్పట్లో వాడిన విలువ ఎక్కువ. దాదాపు 2′27″ తీసేయాలి. మన అక్షాంశం దగ్గర అది 4 కిలోమీటర్ల పైమాటే!

గట్టుమీద
అంతకన్నా ముందు కింది అంచు చదవండి. ముద్రించిన ఏడాది వేరు, సర్వే చేసిన ఏడాది వేరు. వాగు దారి సర్వే నాటిది, రోడ్లూ రైలు మాత్రం తర్వాత దిద్ది ఉండొచ్చు. రెండు షీట్ల సర్వే ఏళ్లు వేరైతే అతుకు దగ్గర కాలువ తెగినట్టు కనిపిస్తుంది. కృష్ణ మీద 1893 నాటి రైలు వంతెన, 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని బదులు 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ... ఏది ఉందో ఏది లేదో చూస్తే కాలం తెలిసిపోతుంది.

పల్లాల కోసం కాంటూరు (సమాన ఎత్తు) గీతల్ని నమ్ముకోవద్దు. ఆ షీట్లలో గీతకీ గీతకీ 50 అడుగుల తేడా, ఊళ్లోని చదును నేలంతా ఒకే సందులో పడిపోతుంది. స్పాట్ హైట్లు (అక్కడక్కడా అంకెలతో వేసిన ఎత్తులు), చెరువు కట్టల పక్కన చిన్న ఆర్ అక్షరంతో వేసిన ఎత్తులు, రైలు కట్ట, కాలువ గట్లు ఎత్తి రాసుకోండి. బెజవాడలో నీళ్లని ఆపేవి ఈ కట్టలే. వాటిలో వంతెనలూ తూములూ ఎక్కడున్నాయో విడి పొరగా గీయండి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద బుడమేరు దాటే అండర్ టన్నెల్‌తో సహా. ఇప్పుడు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర కొంత నీరు కృష్ణకి మళ్లుతోంది. పోల్చేటప్పుడు దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

షీటు మీద అర మిల్లీమీటరు అంటే 32 మీటర్లు. వాగు గీతకి రెండు పక్కలా కనీసం 50 మీటర్లు వదలండి. ఫలానా ఇల్లు వాగులో ఉందని ఈ షీటుతో చెప్పడం తప్పు.

వరద హద్దుకి సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. కానీ ఇళ్ల మధ్య నిలిచిన నీరు గోడల ప్రతిఫలనం వల్ల మామూలు నీటిలా నల్లగా కనపడదు. సింగ్ నగర్ లాంటి చోట చిత్రంలో నీరు లేనంత మాత్రాన మునగలేదనుకోవద్దు.

ఎఫ్ఎంబీదారు
ఇంటి స్థాయికి వెళ్లాలంటే గ్రామ నక్షాలే. మైలుకి 16 అంగుళాలు, అంటే 1:3960. అర మిల్లీమీటరు 2 మీటర్లే. పాత భూమి లెక్కల రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ ఆర్ఎస్ఆర్‌లో చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని ఉన్న సర్వే నంబర్లు ఏరుకుని నక్షాలో రంగు వేయండి. నక్షా మీద అక్షాంశాలు ఉండవు కాబట్టి మూడు ఊళ్ల హద్దులు కలిసే ట్రైజంక్షన్ రాళ్లతో కూర్చోబెట్టాలి. ఊరు పట్టణంలో కలిశాక టౌన్ సర్వే నంబర్లు వచ్చాయి. పాత నంబరుకి కొత్తది ఏదో జోడించే పట్టిక లేకుండా మొదలుపెడితే సగంలో ఆగిపోతారు.

లంకవీధి
టెక్సాస్ విశ్వవిద్యాలయం సైటులో ఉన్న 1:250,000 అమెరికా సైన్యం షీట్లు పనికొస్తాయా?

నక్షాలపెట్టె
కొల్లేరు దాకా బుడమేరు మొత్తం దారి ఒక్క చూపులో చూడ్డానికి బాగుంటాయి. ఊళ్లోపలికి మాత్రం కాదు, మిల్లీమీటరుకి 250 మీటర్లు. అవి పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్ల నుంచి కూర్చినవి. 1950ల ముద్ర కనిపించినా లోపలి వివరం అంతకన్నా పాతది కావచ్చు. అంచులో మూలాల పట్టిక చూసుకోండి.